స్లాబ్ పగిలింది: తప్పు క్యూరింగ్‌దేనని రాసి ఇవ్వమంటున్నారు

పేరు వెల్లడించవద్దని కోరుతూ ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. డిజైన్ ఆఫీసులో నాలుగేళ్ల అనుభవం ఉంది. స్వయంగా లెక్కకట్టిన తొలి పెద్ద పని ఒక పార్కింగ్ భవనం. అందులో మొదటి అంతస్తు స్లాబ్ పొడవు 42 మీటర్లు, మందం 150 మి.మీ. రెండు చివరలా లిఫ్టు కోసం, మెట్ల కోసం మందపాటి కాంక్రీటు గోడలు లేపారు, స్లాబ్ ఆ రెండింటితోనూ కలిసిపోయి ఉంది. దూలాలు పొడవునా సాగుతాయి, స్లాబ్ వాటి మధ్య అడ్డంగా నిలుస్తుంది. అందువల్ల బరువు మోసే మెయిన్ కడ్డీలు అడ్డంగా, వాటికి తోడుండే డిస్ట్రిబ్యూషన్ కడ్డీలు పొడవు దిశలో పడ్డాయి. పొడవు దిశలో కోడ్ (నిర్మాణ ప్రమాణాల పుస్తకం) అడిగే కనీస స్టీలుకు కొంచెం ఎక్కువగా, 8 మి.మీ. కడ్డీలు 250 మి.మీ. దూరంలో, అడుగు వైపు మాత్రమే ఇచ్చారు.

కాంక్రీటు పోసిన మూడో నెలలో మూడు చోట్ల పగుళ్లు కనిపించాయి. ఒకటి డక్టు కోసం వదిలిన రంధ్రం మూల నుంచి, ఒకటి రెండు రోజుల పోతల మధ్య ఉన్న జాయింటు దగ్గర, ఇంకొకటి నడిమధ్యన. మూడూ స్లాబ్ వెడల్పంతా సాగాయి. వెడల్పు వరుసగా 0.5, 0.7, 0.9 మి.మీ. వాన నీరు కిందికి కారి, అడుగున తెల్లటి చారలు కట్టింది. బలం పరీక్షకు అదే కాంక్రీటుతో పోసిన క్యూబులు 28 రోజులకు సగటున 44 మెగాపాస్కల్ చూపించాయి, అడిగింది 30 మాత్రమే. ఆఫీసులో సీనియర్ గారు, ఇది కాంట్రాక్టరు క్యూరింగ్ (పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం) లోపమని నివేదిక రాసి ఇమ్మన్నారు. సైటు సూపర్‌వైజరు పది రోజులపాటు గోనెలు తడుపుతూ ఉండడం తాను కళ్లారా చూశానని ఈ పాఠకులు అంటున్నారు. పై అంతస్తు స్లాబ్ అదే డ్రాయింగుతో ఆరు వారాల్లో పోయబోతున్నారు. "తప్పు నాదేనా? నాదే అయితే ఒప్పుకుని ఉద్యోగం పోగొట్టుకోవాలా? పై స్లాబ్‌కు ఎంత స్టీలు పెట్టాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

ముందుగా మీ నిద్ర సంగతి. మీరు వర్ణించిన పగుళ్లు మెయిన్ కడ్డీలకు సమాంతరంగా ఉన్నాయి. అంటే బరువు మోసే దిశలో స్లాబ్ బలం దాదాపు చెక్కుచెదరలేదు. ఇది కూలిపోయే ప్రమాదం కాదు. నీరు కారడం, కడ్డీలు తుప్పు పట్టడం, చూసేవారు భయపడడం, వీటికి సంబంధించిన సమస్య. చిన్నది కాదు కానీ, సరిదిద్దడానికి సమయం ఉన్న సమస్య.

ఇక తప్పు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే, మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన ఒక వాక్యంలో ఉంది. "ఆశ్చర్యంగా, 0.9 మి.మీ. పగులు దూలం దగ్గరకు వచ్చేసరికి నాలుగైదు వెంట్రుకలంత సన్నని పగుళ్లుగా చీలిపోయింది, కార్డు పెట్టి చూస్తే ఒక్కోటి 0.1 కూడా లేదు" అని రాశారు. ఆ చోటును మరోసారి చూడండి. దూలం, స్లాబ్ ఒకే రోజు పోసిన ఒకే కాంక్రీటు. తడిపిన నీరు ఒకటే, కాసిన ఎండ ఒకటే, రెండు గోడల మధ్య లాగుడూ ఒకటే. ప్రధానంగా తేడా ఉన్నది పొడవు దిశలో పడిన స్టీలులో. దూలంలో అది పుష్కలంగా ఉంది, స్లాబ్‌లో లేదు. స్టీలు చాలినచోట కదలిక చాలా సన్నని పగుళ్లుగా పంచుకుపోయింది, చాలనిచోట అంతా ఒక్క పగులులో పడింది. క్యూరింగే కారణమైతే దూలం పక్కలు ఇలా మిగిలి ఉండేవి కావు.

క్యూరింగ్ లోపం వల్ల వచ్చే పగుళ్ల తీరు వేరు. కాంక్రీటు గట్టిపడకముందే పైతడి ఆరిపోతే కొన్ని గంటల్లోనే పైముఖం మీద పొట్టిగా, అస్తవ్యస్తంగా చీలికలు వస్తాయి. అవి సాధారణంగా స్లాబ్ అంచు దాకా సాగవు. మీవి మూడో నెలలో వచ్చాయి, పైనా కిందా ఒకే గీతలో ఉన్నాయి, మందమంతా దాటాయి. రెండు వైపులా పట్టుకుని ఉన్న స్లాబ్ కుంచించుకుపోవాలని చూసి, కుంచించుకోలేక తెగినప్పుడు కనిపించే రూపం ఇదే.

లెక్కను ఒకసారి నెమ్మదిగా చూద్దాం. కాంక్రీటు ఆరుతూ ఏళ్ల తరబడి కుంచించుకుంటుంది. మీటరుకు అర మిల్లీమీటరు అన్నది పెద్ద అంకె కాదు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. 42 మీటర్లకు 21 మి.మీ. ఉష్ణోగ్రత 15 డిగ్రీలు తగ్గితే మరో 6 మి.మీ. కలుస్తుంది. కాంక్రీటు తెగకుండా సాగగలిగింది మీటరుకు ఉజ్జాయింపుగా 0.1 మి.మీ., అంటే మొత్తం పొడవుకు 4 మి.మీ. మాత్రమే. లాగుడు నెమ్మదిగా పెరిగేటప్పుడు క్రీప్ (నిలకడగా ఉండే లాగుడుకు కాంక్రీటు నెమ్మదిగా సాగడం) వల్ల కొంత సడలింపు దొరుకుతుంది, గోడలూ కాస్త వంగుతాయి, అయినా ఈ రెండు అంకెల మధ్య దూరం పూడదు. కాబట్టి మీ స్లాబ్ పగలడం ఖాయం. పగలకుండా చేసే స్టీలు అంటూ లేదు. పగుళ్లు ఎన్ని రావాలి, ఒక్కొక్కటి ఎంత వెడల్పు తెరుచుకోవాలి అన్నదే స్టీలు నిర్ణయిస్తుంది.

ఆ నిర్ణయం ఎలా జరుగుతుందంటే, కాంక్రీటు తెగే క్షణంలో అది మోస్తున్న లాగుడంతా ఆ చోట స్టీలు మీద పడుతుంది. ఎం30, అంటే మీరు అడిగిన 30 మెగాపాస్కల్ కాంక్రీటుకు నేరు లాగుడు బలం సుమారు 2.6 మెగాపాస్కల్ అనుకుంటే, 150 మి.మీ. మందానికి మీటరు వెడల్పులో 390 కిలోన్యూటన్లు. మీరు ఇచ్చిన స్టీలు మీటరుకు 201 చదరపు మి.మీ. 500 గ్రేడు కడ్డీలు సాగిపోయేదాకా, అంటే 500 మెగాపాస్కల్ దాకా లాగినా అది మోయగలిగింది 100 కిలోన్యూటన్లే. మొదటి పగులు పడగానే కడ్డీలు సాగిపోతాయి, ఆ బలహీనమైన చోటు దాటి లాగుడు పెరగదు, పక్కన కొత్త పగులు పుట్టే అవకాశం చాలా తక్కువ. ఆ తర్వాత వచ్చే కుంచింపు దాదాపు అంతా పడిన ఆ కొద్ది పగుళ్లనే తెరుస్తూ పోతుంది. మీ దగ్గర మూడే పగుళ్లు ఉండటానికీ, అవి ఇంకా వెడల్పు అవుతూ ఉండటానికీ ఇదే కారణం.

మీరు "కోడ్ ప్రకారమే ఇచ్చాను" అని బాధతో రాశారు. అది నిజం. మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456:2000 డిఫార్మ్‌డ్ (గరుకు గీతలున్న) కడ్డీలకు 0.12 శాతం కనీసమంటుంది, మీది 0.13 శాతం. అమెరికా వారి ఏసీఐ 318 చెప్పే 0.18 శాతం కూడా ఇదే కోవకు చెందుతుంది. కానీ ఈ అంకెలు స్లాబ్ దాదాపు స్వేచ్ఛగా కదలగలిగే సందర్భానికి ఉద్దేశించినవి. గోడలు, దిట్టమైన స్తంభాలు పట్టుకున్నచోట అదనపు స్టీలు గురించి ఆలోచించాలని ఏసీఐ వ్యాఖ్య స్పష్టంగానే హెచ్చరిస్తుంది. ఆస్ట్రేలియా వారి ఏఎస్ 3600 ఈ విషయంలో మరింత సూటిగా ఉంటుంది: బిగింపు ఉన్న స్లాబ్‌లో, పొడి వాతావరణంలో, పగుళ్లు కొంచెం అదుపులో ఉంటే చాలనుకున్నప్పుడు 0.175 శాతం, ఒక మాదిరి అదుపుకు 0.35, గట్టి అదుపుకు 0.6 శాతం. మీరు చదివిన నిబంధన తప్పు కాదు. అది ఏ పరిస్థితికి రాసినదో చూడకుండా వాడటం పొరపాటు. నాలుగేళ్ల అనుభవంలో ఈ పొరపాటు చేయడం వింత కాదు, దాన్ని తనిఖీలో పట్టుకోవలసినవారు పట్టుకోకపోవడం కూడా ఇందులో భాగమే.

క్యూబుల గురించి ఒక మాట. 44 వచ్చిందని మీ ఉత్తరంలో ఊరట కనిపించింది, ఈ విషయంలో మాత్రం అది ఊరట కాదు. బలం పెరిగితే తెగే లాగుడూ పెరుగుతుంది. 44 మెగాపాస్కల్ క్యూబుకు నేరు లాగుడు బలం సుమారు 3.2 అవుతుంది, అంటే మీటరుకు 480 కిలోన్యూటన్లు. కడ్డీలు సాగిపోకుండా ఉండాలంటేనే 960 చదరపు మి.మీ., అంటే 0.64 శాతం కావాలి. ఆస్ట్రేలియా కోడ్ చెప్పే 0.6 శాతం ఈ గట్టి కాంక్రీటు ముందు కొద్దిలో చాలకుండా పోతుంది. సెంట్రింగ్ త్వరగా విప్పుకోవడానికి కాంట్రాక్టరు సిమెంటు ఎక్కువ వేసే అలవాటు ఉంటే, మీ డిజైనుకు తెలియకుండానే అవసరమైన స్టీలు పెరుగుతూ ఉంటుంది. కాబట్టి పై స్లాబ్‌కు మిక్స్ బలానికి పైహద్దు కూడా పెట్టమని అడగండి. నీరు తక్కువ, కంకర పరిమాణం వీలైనంత పెద్దది ఉండేలా చూడండి. ఫైబర్లు కలిపితే సరిపోతుందని ఎవరైనా అంటే, సాధారణ మోతాదులో వేసే పాలీప్రొపిలీన్ ఫైబర్లు తొలి గంటల చీలికలకే పనికొస్తాయి, ఈ లాగుడును ఆపలేవు.

ఇప్పుడు పై స్లాబ్‌కు ఎంత స్టీలు అన్నది. కడ్డీలు సాగిపోకుండా ఉంటే చాలదు, పగులు 0.3 మి.మీ. దాటకూడదంటే వాటి మీద ఒత్తిడిని ఇంకా తగ్గించాలి. యూరప్ వారి కాంక్రీటు కోడ్ యూరోకోడ్ 2 పద్ధతిలో నేను లెక్క వేసి చూశాను: 25 మి.మీ. కవరు (కడ్డీని కప్పే కాంక్రీటు మందం), 10 మి.మీ. కడ్డీలు, ఒత్తిడి 250 మెగాపాస్కల్ దగ్గర ఉంటే పగులు సరిగ్గా 0.3 మి.మీ. చుట్టుపక్కల తేలుతుంది. 2.6 మెగాపాస్కల్ కాంక్రీటుకు అది మీటరుకు 1,560 చదరపు మి.మీ., అంటే పైనా కిందా 10 మి.మీ. కడ్డీలు 100 మి.మీ. దూరంలో. మీరు ఇచ్చినదానికి ఇది దాదాపు ఎనిమిది రెట్లు. ఈ అంకె చూసి మీ సీనియర్ గారు నమ్మకపోవచ్చు, మొదటిసారి చూసినప్పుడు నేనూ నమ్మలేదు.

అయితే ఈ లెక్క ప్రతి పగులు దగ్గరా లాగుడు మళ్లీ కాంక్రీటు తెగే స్థాయికి చేరుతుందని అనుకుంటుంది. నిజానికి ఒక పగులు పడగానే స్లాబ్ మెత్తబడి లాగుడు తగ్గుతుంది, క్రీప్ ఇంకొంత మింగేస్తుంది, గోడలు పూర్తిగా కదలనివీ కావు. ఆస్ట్రేలియా కోడ్ 0.6 దగ్గర ఆగడానికీ యూరప్ లెక్క 1 శాతం దాటడానికీ మధ్య తేడా ఎక్కువగా ఇందులోనే ఉంది. ఈ రెండు అంకెల నడుమ ఎక్కడ నిలబడాలన్నది బిగింపు ఎంత గట్టిదో చూసి తీసుకోవలసిన నిర్ణయం. మీ భవనంలో రెండు చివరలా గోడలు ఉన్నాయి గనుక కింది హద్దుకు దగ్గరగా వెళ్లమని నేను చెప్పలేను.

మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది, బిగింపును అలాగే ఉంచి స్టీలుతోనే నెగ్గడం. రెండు ముఖాలా 100 మి.మీ. దూరంలో కడ్డీలు పడితే పని సూటిగా ఉంటుంది, కార్యక్రమం ఆగదు. కానీ 150 మి.మీ. మందంలో నాలుగు వరుసల కడ్డీలు, వాటి లాప్‌లు (రెండు కడ్డీల చివరలు పక్కపక్కన కలిసే చోట్లు), రెండు కవర్లు పట్టాలి. కాంక్రీటు దిగకపోతే కొత్త సమస్య తెచ్చుకున్నట్టే. 0.3కు బదులు 0.2 మి.మీ. కావాలని యజమాని పట్టుబడితే స్టీలు ఆచరణకు మించిపోతుంది. అప్పుడు పైన పగుళ్లను దాటి సాగగల వాటర్‌ప్రూఫ్ పూత వేయించి, పగులును 0.3 దగ్గర ఉంచడమే మేలని నా అభిప్రాయం.

రెండోది, మధ్యలో సుమారు ఒక మీటరు వెడల్పు పట్టీని పోయకుండా వదిలి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత నింపడం. అప్పటిదాకా రెండు సగాలూ తమ తమ గోడవైపు స్వేచ్ఛగా కుంచించుకుంటాయి. కాంక్రీటు తొలి రోజుల్లో వేడెక్కి చల్లబడే కదలికంతా, ఆరడం వల్ల వచ్చే కుంచింపులో కొంత భాగమూ అలా పోతాయి; మిగిలినది మాత్రం పట్టీ నింపాక కూడా వస్తూనే ఉంటుంది, కాబట్టి స్టీలును పూర్తిగా తగ్గించుకోలేరు. పట్టీలో రెండు వైపుల కడ్డీలూ లాప్ అయ్యేలా ఉండాలి, అడ్డంగా ఒకే ముక్కగా పోతే అవే రెండు సగాలనూ పట్టుకుంటాయి. మీ దూలాలు పొడవునా సాగుతున్నాయి గనుక అవి కూడా అక్కడ తెగి ఉంటాయి, పట్టీ నింపి బలం వచ్చేదాకా రెండు వైపులా సెంట్రింగ్ తీయకూడదు. కింద వాహనాల రాకపోకలు, కాంట్రాక్టరు సామాను అన్నీ అన్నాళ్లు ఆగుతాయి. చెత్త, నీరు పట్టీలో చేరకుండా కాపాడాలి. చివరికి ఒక పగులుకు బదులు నీరు కారగల రెండు జాయింట్లు మిగులుతాయి.

మూడోది, స్లాబ్‌ను ఒక చివర గోడ నుంచి విడదీసి జారేలా ఆసరా ఇవ్వడం. పగుళ్ల దృష్టితో ఇదే అన్నిటికన్నా మంచిది. కానీ గాలికీ భూకంపానికీ ఆ గోడను స్లాబే పట్టుకుని ఉందని మీ లెక్కలు అనుకున్నాయి. ఆ బంధం తెంచితే భవనం మొత్తాన్ని మళ్లీ చూడాలి. ఆరు వారాల్లో అది జరగదని నా అంచనా, తొందరలో చేయవలసిన పనీ కాదు. ప్రీస్ట్రెస్ పెట్టి, అంటే లోపల తీగలు బిగించి స్లాబ్‌ను నొక్కేద్దామన్న సలహా కూడా మీకు రావచ్చు. రెండు చివరలా ఇంత దిట్టమైన గోడలుంటే ఆ నొక్కుడులో పెద్ద భాగం గోడల్లోకే పోతుంది, స్లాబ్‌కు మిగిలేది తక్కువ.

నేనైతే మొదటిదీ రెండోదీ కలుపుతాను. మధ్యలో పట్టీ వదిలి, పొడవు దిశలో రెండు ముఖాలా 10 మి.మీ. కడ్డీలు 125 మి.మీ. దూరంలో, అంటే మీటరుకు 1,256 చదరపు మి.మీ., 0.84 శాతం. పట్టీకి యజమాని ఒప్పుకోకపోతే 100 మి.మీ. దూరానికి దిగండి, స్లాబ్ మందం పెంచే ఆలోచన మాత్రం వద్దు, మందం పెరిగితే తెగే లాగుడూ అదే పాళ్లలో పెరుగుతుంది. ఒకే విస్తీర్ణానికి లావు కడ్డీలు దూరంగా వేయడం కన్నా సన్న కడ్డీలు దగ్గరగా వేస్తే పగుళ్లు దగ్గర దగ్గరగా, సన్నగా వస్తాయి. పై వరుసను దూలాల మీదే ఆపేయకుండా అంతటా నడపండి. లాప్‌లన్నీ ఒకే గీతలో పడనివ్వకండి. రంధ్రాల మూలల్లో ఏటవాలు కడ్డీలు వేయండి, మీ మొదటి పగులు పుట్టింది అక్కడే. పోత రోజు మీరు స్వయంగా సైటులో ఉండండి. పనివాళ్లు నడిచి నడిచి పై వరుస దాన్ని ఎత్తి పట్టే చైర్ల మీద నుంచి అడుగుకు దిగిపోతే ఇన్ని లెక్కలూ వృథా అవుతాయి.

ఇక నివేదిక. క్యూరింగ్ అని రాస్తే ఏం జరుగుతుందో ఆలోచించండి. కాంట్రాక్టరు తన డబ్బుతో పగుళ్లు పూడుస్తారు, పై స్లాబ్‌ను పది రోజులకు బదులు ఇరవై రోజులు తడుపుతారు, స్టీలు అంతే ఉంటుంది. మరో మూడు నెలలకు అదే పగులు అక్కడా వస్తుంది. అప్పుడు మీ సంతకం ఉన్న కాగితమే మీకు ఎదురు నిలుస్తుంది. నిజాయితీ మాట అటుంచినా, ఆ నివేదిక మీ సీనియర్ గారినీ కాపాడదు. అలాగని ఆయనను దాటి నేరుగా యజమాని దగ్గరికి వెళ్తే ఆఫీసులో మీకు నిలబడే చోటు ఉండదు, వాదన స్టీలు మీద నుంచి మీ ప్రవర్తన మీదికి మళ్లుతుంది. అది చివరి మెట్టుగానే ఉంచుకోండి.

ముందు ఆయనతో ఒంటరిగా కూర్చోండి. తప్పు ఎవరిదన్న మాటతో కాక, పై స్లాబ్ లెక్కతో మొదలుపెట్టండి. ఒకే ఒక కాగితం మీద 390, 100 అన్న రెండు అంకెలు, దూలం దగ్గర పగులు సన్నబడిన ఫొటో, పోతకు మిగిలిన వారాలు చూపండి. డిజైను సవరించడానికి ఇంకా సమయం ఉందన్నది ఆయనకు కూడా మేలైన వార్తే. నివేదికలో "రెండు చివరలా బిగింపు ఉన్న పరిస్థితిలో ఆరుదల, చల్లబాటు వల్ల కలిగిన లాగుడుకు పొడవు దిశలో స్టీలు చాలలేదు" అని రాయండి, ఇందులో ఎవరి పేరూ రాదు, అబద్ధమూ ఉండదు. క్యూరింగ్ వివరాలు మీరు చూసినవి చూసినట్టే రాయండి. ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే, క్యూరింగ్ నివేదికపై మీరు సంతకం చేయలేనని, లెక్కలు జతచేసి మర్యాదగా రాసి ఇవ్వండి. ఇందులో ఉద్యోగానికి ముప్పు లేదని నేను చెప్పను. కానీ ఆ సూపర్‌వైజరు తడిపిన గోనెలు మీరు చూశారు, ఆ మాట మీరే ఎత్తి నాకు రాశారు. మీ మనసు ఎటు ఉందో నాకు అందులోనే తెలిసింది.

ఉన్న స్లాబ్‌ను ఇప్పుడే ఎపాక్సీతో నింపించకండి. కుంచింపులో పెద్ద భాగం ఇంకా రావలసి ఉంది, గట్టి ఎపాక్సీ ఈ పగులును అతికించినా పక్కనే మరొకటి తెరుచుకుంటుంది. ప్రస్తుతానికి పైన సన్నని గాడి తీసి సాగే సీలెంటుతో మూయించండి, నీరు ఆగుతుంది. ఒకటి రెండు చోట్ల కవరు జాగ్రత్తగా చెక్కించి చూడండి, ఎందుకంటే పగులు మెయిన్ కడ్డీ మీదుగానే సాగి ఉంటే ఆ కడ్డీ నిలువునా తడికి గురవుతుంది, అక్కడ తుప్పు అడ్డంగా దాటే కడ్డీల కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. పగుళ్లకు అటూ ఇటూ చిన్న గుర్తులు అంటించి నెలకోసారి కొలవండి. కొలత ఎప్పుడూ తెల్లవారగానే, ఒకే సమయానికి తీయండి. మధ్యాహ్నపు వేడికి స్లాబ్ వ్యాకోచించి పగులు కొంత మూసుకుంటుంది, వేళ మారితే మీ అంకెలు ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు. నాలుగైదు నెలల కొలతలు చేతికొచ్చాక, పక్కన ఉష్ణోగ్రత కూడా రాసి, నాకు పంపండి. శాశ్వతమైన మరమ్మతు ఏది, ఎప్పుడు చేయించాలన్నది అప్పుడు కలిసి చూద్దాం.